ఆకాశం నుంచి ఒక పలుకు



మా నాందేడ్ బడిలో ఒకరోజు ఏడో తరగతి అమ్మాయి లేచి నిలబడి అడిగింది. "సార్, నిన్న రాత్రి మా బాపు హైదరాబాదుల దుబాయి విమానం ఎక్కిండు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా స్విచాఫ్ అనే వచ్చింది. తెల్లారేదాక అమ్మ పండుకోలేదు. విమానంల ఫోన్ ఎందుకు పని చెయ్యదు?"

గల్ఫ్‌కు మనిషిని పంపిన ప్రతి ఇంట్లోనూ ఉండే ప్రశ్న ఇది. నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత చదివి తెలుసుకున్నది ఇవాళ మీతో పంచుకుంటాను.

మరాఠీలో ఫోన్‌ను 'దూరధ్వని' అంటారు, మనం 'దూరవాణి' అంటాం. విమానం నుంచి మొదట నేలకు చేరింది ధ్వనే. 1910 ఆగస్టు 27న న్యూయార్క్ దగ్గర జేమ్స్ మెక్‌కర్డీ అనే కెనడా వైమానికుడు ఎగురుతూ వైర్‌లెస్‌లో ఒక సందేశం పంపాడు. అది మాట కాదు, తంతి ఆఫీసులో వినిపించే 'టక్కు టక్కు' సంకేతం. మన దేశంలో 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా మోసుకొచ్చిన విమానంలో రేడియో అయినా లేదు. ఆయన గాలిలో ఉన్నంతసేపు క్షేమసమాచారం తెలిసే దారే లేదు.

పైలట్లకు రేడియో వచ్చింది. ప్రయాణికుడి వంతు రావడానికి చాలా కాలం పట్టింది. 1984లో అమెరికాలో జాక్ గోకెన్ అనే వ్యాపారి 'ఎయిర్‌ఫోన్' సేవ మొదలుపెట్టాడు. క్రెడిట్ కార్డు పెడితే గోడకున్న ఫోన్ చేతికొచ్చేది. తరువాత సీట్ల వెనకాలే అమర్చారు. విమానానికున్న యాంటెనా నేలమీది కేంద్రాలతో మాట్లాడేది. ఖర్చు ఎక్కువ కనుక చాలామంది దాని జోలికి పోలేదు.

మరి జేబులో ఉన్న సొంత ఫోన్ ఎందుకు వాడనివ్వరు? నేలమీద మన ఫోన్ దగ్గరున్న ఒకటి రెండు టవర్లతోనే మాట్లాడుతుంది. అంత ఎత్తు నుంచి ఒకేసారి ఎన్నో టవర్లకు కనబడి కింది వ్యవస్థను గజిబిజి చేస్తుంది. అందుకే 1991లో అమెరికా ప్రభుత్వం గాలిలో సెల్‌ఫోన్‌ను నిషేధించింది. పైలట్ల పరికరాలకు అడ్డు రాకూడదన్న జాగ్రత్త కూడా దానికి తోడైంది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ సీటు ఫోను 2001 సెప్టెంబర్ 11న అక్కరకొచ్చింది. ఉగ్రవాదుల చేతికి చిక్కిన మొదటి విమానం నుంచి బెట్టీ ఆంగ్ అనే పరిచారిక తమ సంస్థ కార్యాలయానికి ఫోన్ చేసింది. దాదాపు 25 నిమిషాలు, నిబ్బరంగా, లోపల జరుగుతున్నదంతా చెప్పింది. దాడి కబురు నేలకు చేర్చిన తొలి గొంతుల్లో ఆమెది ఒకటి. నాలుగో విమానంలో ప్రయాణికులు ఇళ్లకు ఫోన్ చేశారు. మిగతా విమానాలు భవనాలను ఢీకొన్నాయని అలా తెలుసుకుని, దుండగుల మీద తిరగబడ్డారు. ఆ విమానం పెన్సిల్వేనియాలో ఒక బయలులో కూలింది. వారెవరూ బతకలేదు. కానీ వారి మాట అయినవాళ్లకు చేరింది.

ఎయిర్‌ఫోన్ సేవ 2006లో విమానాల్లోంచి వెళ్లిపోయింది. రెండేళ్లకు కొత్త పద్ధతి వచ్చింది. విమానంలోనే ఒక బుల్లి టవర్ పెడతారు. పక్కనే టవర్ ఉంది కనుక ఫోన్ తక్కువ శక్తితో పనిచేస్తుంది. ఆ మాటను ఉపగ్రహం నేలకు చేరుస్తుంది. 2008 మార్చి 20న దుబాయి నుంచి కాసాబ్లాంకా వెళ్లే ఎమిరేట్స్ విమానంలో ఇలా సొంత ఫోన్‌తో మాట్లాడనిచ్చారు. మన దేశంలో 2018 డిసెంబరులో నియమాలు వచ్చాయి. 3,000 మీటర్ల ఎత్తు దాటాక మొబైల్ సేవకు అనుమతి దొరికింది. 2025 జనవరి 1న ఎయిర్ ఇండియా దేశీయ విమానాల్లోనూ వై-ఫై ప్రకటించింది.

మన ఊరి సంగతీ చెప్పుకోవాలి. 2017 ఏప్రిల్ 27న 'ఉడాన్' పథకం కింద నాందేడ్-హైదరాబాద్ ట్రూజెట్ విమానం మొదలైంది. రైల్లో గంటలకు గంటలు పట్టే దారి చిటికెలో తరిగిపోయింది. ఆ సంస్థ 2022లో ఆగిపోయింది. ఆ విమానం ఎక్కినవాళ్లూ ఫోన్ కట్టేసే కూర్చున్నారు. దిగి "చేరినం" అన్నాకే ఇంట్లోవాళ్లకు ఊపిరి ఆడింది.

మరునాడు ఆ అమ్మాయికి ఇలా చెప్పాను. "అమ్మా, ఫోన్ మూగబోతే ఆపద వచ్చినట్టు కాదు. అది విమానం నియమం. ఈసారి బాపు ఎక్కేముందు విమానం నంబరు, దిగే సమయం కాగితం మీద రాయించుకో. ఆ సమయం దాటేదాకా అమ్మను నిశ్చింతగా పడుకోమను." శ్రోతలారా, మీకూ నేను చెప్పేది అదే. గాలిలో ఫోన్ సౌకర్యం వచ్చింది నిజమే. కానీ అది అన్ని విమానాల్లోనూ లేదు, ఉన్నచోట డబ్బు అడగవచ్చు. కూలికి వెళ్లే మనిషికి ఆ ఖర్చు బరువే. ఎవరికి ఆ పలుకు ఎక్కువ అవసరమో వారి సీటు దాకా అది చేరిన రోజునే దూరధ్వని నిజంగా దూరవాణి అవుతుంది.