ఆనంద్ కారజ్

సిక్కుల పెళ్లికి పేరు ఆనంద్ కారజ్. ఈ కారజ్ మనకు కొత్తదేమీ కాదు, సంస్కృత ‘కార్యమే’. యోగి జోగి అయినట్టు, యాత్ర జాతర అయినట్టు, పంజాబీలో ‘య’ ‘జ’గా మారింది. పెళ్లిని మనం శుభకార్యం అంటాం. వాళ్లు ఆనందకార్యం అన్నారు.

అయితే ఇక్కడి ఆనందం పెళ్లి సందడి కాదు. సిక్కు గురువుల వాణిలో అది జీవుడు దైవాన్ని చేరినప్పటి స్థితి. అందుకే నాలుగో గురువు రామదాస్ సూహీ రాగంలో రచించిన ‘లావాఁ’ అనే నాలుగు పద్యాలలో వధూవరుల ముచ్చట్లు దాదాపు కనిపించవు. మొదటిది ధర్మాన్ని, నామస్మరణను పట్టుకోమంటుంది. రెండోది భయాన్ని వదిలిస్తుంది. మూడోది వైరాగ్యం, సత్సంగం. నాలుగోదానికి మనసు ‘సహజ్’ అనే నిశ్చలతకు చేరుతుంది. ఒక్కో పద్యం చదివి పాడుతుండగా జంట సిక్కుల పవిత్ర గ్రంథమైన గురుగ్రంథ్ సాహిబ్ చుట్టూ ఒక్కో ప్రదక్షిణ చేస్తుంది. వరుడి భుజం మీది ‘పల్లా’ అనే వస్త్రం కొస వధువు చేతిలో ఉంటుంది, మన కొంగుముడిలాగే.

నాకు ఈ వరుస ఎంతో గొప్పగా తోస్తుంది. దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడంతో ఆగిపోకుండా, ఇద్దరూ కలిసి ఒకే వైపు నడవాలని పెళ్లిరోజే చెబుతుంది. నిత్యపాఠం, సంగత్ (భక్తుల కూడిక), సేవ ఇద్దరివీ అయినప్పుడు అలకలూ కష్టాలూ వచ్చినా ఆ నడక ఆగదు.

ఈ పెళ్లికి 1909లో ఆనంద్ వివాహ చట్టం గుర్తింపునిచ్చింది. దాని కిందే నమోదు చేసుకునే వీలు 2012 సవరణతో వచ్చింది.