నల్లగండ్ల ఫ్లాటు, తెల్లకాయితం, స్టాంపు డ్యూటీ

2024 దీపావళి ముందు మా మేనల్లుడు నల్లగండ్లలో ఫ్లాటు కొంటే సాక్షి సంతకానికి నేనూ పోయిన. ధర 80 లక్షలు, చలానా 6 లక్షలు. "ఇండ్ల మాఫీ ఏం లేదా మామా?" అన్నడు. ఆ మాట పట్టుకొని ఇది రాస్తున్న, కొంచెం ఓపికగా చదవండి.

ఆ 6 లక్షలు మూడు ముక్కలు. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, అంటే 4 లక్షల 40 వేలు. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, లక్షా 20 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం, 40 వేలు. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థల కోసం పెట్టింది. మీ ఊళ్లో భూమి చేతులు మారితే అందులో మీ పంచాయతీకి వాటా ఉంటది. సర్పంచిని అడగండి, ఎంత వచ్చిందో.

ఈ రేటు ఎప్పుడూ ఇంతే లేదు. 2005 డిసెంబరులో కేంద్రం నగరాల కోసం జవహర్‌లాల్ నెహ్రూ పేరు మీద పథకం తెచ్చింది. డబ్బు కావాలంటే స్టాంపు డ్యూటీని 5 శాతానికి దించాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. అప్పట్లో కొన్ని రాష్ట్రాల్లో 10 శాతం దాటి ఉండేది. పన్ను ఎక్కువుంటే జనం కాయితం మీద ధర తక్కువ రాస్తరు, మిగతాది చేతి నగదు. ఆ షరతు వెనక కారణం అదే. తెలంగాణ వచ్చేనాటికి మన దగ్గర 4 శాతం, అన్నీ కలిపి 6. 2021 జూలై 22 నుంచి 7.5 అయింది. అదే రోజు 2013 నుంచి కదలని ప్రభుత్వ విలువలు కూడా పెరిగినయి. పాత రేటుకే అయితే మావాడికి 4 లక్షల 80 వేలు పడేది.

మరి మనకు మాఫీ ఎన్నడూ రాలేదా అంటే వచ్చింది. తెల్లకాయితం మీద కొన్న భూములకు, సాదాబైనామాలకు, 2016 జూన్‌లో ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. 2014 జూన్ 2 కంటే ముందు కొన్నవి, ఐదెకరాల లోపు, స్టాంపు డ్యూటీ లేదు, ఫీజు లేదు. కానీ అది పల్లెల్లోని సాగుభూమికే. నల్లగండ్ల అప్పటికే హైదరాబాద్ కార్పొరేషన్‌లో ఉన్న ఊరు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత అటువైపు భూముల రాత మారింది. చెరువు పక్కన పొలాలున్న చోట ఇప్పుడు లిఫ్టులున్న ఇండ్లు.

అసలు నొప్పి ఇక్కడుంది. మాఫీ లేని చోట మనోళ్లు సొంతంగా ఒకటి తయారు చేసుకున్నరు. పది లక్షలకు అమ్మి రెండు లక్షలని రాయించుడు. డ్యూటీ మిగిలేది కొన్నోడికి. దెబ్బ తగిలేది పక్క రైతుకు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద నష్టపరిహారం తేల్చేటప్పుడు దగ్గరి భూముల రిజిస్టర్ దస్తావేజులే చూసేవాళ్లు. 2014 జనవరి నుంచి అమలైన కొత్త చట్టంలో కూడా స్టాంపుల లెక్క విలువ, పక్క దస్తావేజుల సగటు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది. రెండూ తక్కువ రాసుకుంటే ఇంకేం ఎక్కువొస్తది? మా దిక్కు రోడ్డుకు భూమి పోయినప్పుడు మా బాపు పట్టుకొచ్చిన చెక్కు చూసి మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇన్‌కం ట్యాక్స్‌లో ఒక రాయితీ ఉంది. పాత పద్ధతిలో లెక్క కట్టేవాళ్లు ఇంటికి కట్టిన స్టాంపు డ్యూటీని లక్షన్నర పరిమితిలో ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. ఉద్యోగం ఉన్న మావాడికి పనికొచ్చింది. పంట మీదే బతికే మనకు ఆ పన్నే లేదు, తగ్గించుకునుడు ఎక్కడిది!

మహారాష్ట్రలో 2021 నుంచి ఇల్లు ఆడవాళ్ల పేరు మీద కొంటే ఒక శాతం తక్కువ. ఢిల్లీలో చాలా ఏళ్లుగా రెండు శాతం తక్కువ. 2024 జూలై బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గారు కూడా ఆడవాళ్లకు తగ్గించే ఆలోచన చేయమని రాష్ట్రాలకు చెప్పిన్రు. అది విని మావాడు ఫ్లాటు భార్య పేరు మీద పెట్టిండు. చలానా మాత్రం అదే 6 లక్షలు.