వెరిగిన్: ప్రమాణం చేయని వారి ఊరు

కెనడా ప్రెయిరీ మైదానాలలో, సస్కాచువాన్ రాష్ట్రపు తూర్పు అంచున వెరిగిన్ అనే చిన్న ఊరున్నది. పటంలో వెదికితే గాని కనబడదు. దాని చరిత్ర మాత్రం కాకసస్ పర్వతాల దాకా పోతుంది. టాల్‌స్టాయ్‌ని చదివిన మనకు అది పూర్తిగా పరాయిది కూడా కాదు.

ఆ ఊరిని నిలబెట్టినవారు దుఖొబోర్లు. పేరు వినగానే మనకు దుఃఖం స్ఫురిస్తుంది కాని, రష్యన్‌లో 'దుఖ్' అంటే ఆత్మ. పరిశుద్ధాత్మతో కలహించేవారని చర్చి పెద్దలు నిందగా పెట్టిన పేరును, ఆత్మబలంతో పోరాడేవారమని వీరు తమదిగా చేసుకున్నారు. వీరికి పురోహితుడు లేడు, పటాల పూజ లేదు. కీర్తనలన్నీ కంఠస్థమే, మన శ్రుతివలె నోటి నుండి చెవికి, చెవి నుండి నోటికి.

1895లో వీరు ఆయుధాలను కుప్పవేసి తగులబెట్టారు. సైన్యంలో చేరబోమన్నందుకు జారు ప్రభుత్వం హింసించింది. టాల్‌స్టాయ్ తన 'రిసరెక్షన్' నవలపై వచ్చిన సొమ్మును వీరి వలసకు ఇచ్చాడు. 1899లో సుమారు 7,500 మంది కెనడా చేరారు. మగవారు కూలికి రైలుమార్గపు పనులకు పోగా, పశువులు చాలక స్త్రీలే నాగలి లాగారు. సైబీరియా ప్రవాసం ముగిసి 1902లో వచ్చిన నాయకుడు పీటర్ వెరిగిన్ పేరే ఊరికి నిలిచింది.

వారి భూమి ఉమ్మడి, పంట ఉమ్మడి. చట్టమేమో ఎవరి భూమిని వారు విడిగా నమోదు చేసుకొని, రాజుకు విధేయత ప్రమాణం చేయాలన్నది. దైవానికి తప్ప తలవంచమన్నారు వీరు. 1907లో ప్రభుత్వం లక్షలకొద్దీ ఎకరాలు వెనక్కి తీసుకొని, తలకు 15 ఎకరాలు మిగిల్చింది. ప్రమాణం చేసినవారు సొంత పొలాలతో అక్కడే ఉండిపోయారు. తక్కినవారిలో సుమారు 5,000 మంది 1908 నుండి వెరిగిన్ వెంట బ్రిటిష్ కొలంబియాకు తరలిపోయారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన రెండంతస్తుల ప్రార్థనా మందిరం నేటికీ ఆ ఊరిలో ఉన్నది. 2006లో కెనడా దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. భూమిని లాగుకున్న రాజ్యమే ఇంటిని గౌరవించడం నాకు వింతగా తోచదు. చరిత్రలో ఇది తరచు జరిగేదే. అయితే ఆ ఇంటి చెక్కపనిని మెచ్చుకొని, చుట్టూ ఉన్న పొలాలు ఎవరివో అడగకుండా వెనుదిరిగితే మనం చూసినది సగమే. పైగా మందిరానికి రంగు వేయించవచ్చు గాని, పుస్తకానికెక్కక కంఠంలో బ్రతికిన కీర్తనకు మరొక కంఠమే కావాలి. తాతల నోట పద్యాలు విని పెరిగిన మనకు ఆ సంగతి ఎవరో వచ్చి చెప్పనక్కరలేదు.