నెగెటివ్ ఎవరి చేతిలో?

వీధిలో కెమెరా పట్టుకున్న మనిషిని పోలీసు మొదట అడిగేది 'పర్మిషన్ ఉందా?' అని. బహిరంగ వీధిని ఫోటో తీయడానికి ముందుగా అనుమతి పొందాలనే సాధారణ చట్టమేదీ ఈ దేశంలో లేదు. అయినా ఆ ప్రశ్న చెక్కుచెదరలేదు. దాని వేళ్లు వలస ప్రభుత్వం మూడేళ్ల ఎడంలో చేసిన రెండు చట్టాల దాకా పోతాయి.

1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం, దర్యాప్తు కోసం అరెస్టయిన వ్యక్తి ఫోటో తీయించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం పౌరుడి కెమెరా వైపు తిరిగింది. అందులో 'స్కెచ్' అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే ఫోటో ఇమిడి ఉంది. కడగని ఫిల్మును సైతం ఫోటోగానే లెక్కించారు. అయితే ఆ చట్టానికీ హద్దులున్నాయి. కోటలు, ఆయుధాగారాలు, సైనిక శిబిరాల వంటివి నిషిద్ధ స్థలాలు. రైలు మార్గాలు, రహదారులు ఆ కోవలోకి రావాలంటే కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆపైన, దేశ భద్రతకో ప్రయోజనాలకో హాని చేసే ఉద్దేశం ఉండాలి. ఠాణా గోడల మధ్య ఈ షరతులన్నీ ఆవిరై, 'ఇక్కడ ఫోటోలు తీయకూడదు' అన్న ఒక్క వాక్యమే మిగిలింది.

ఆ వాక్యం ఎంత దూరం పోయిందో మహారాష్ట్రలోని వర్ధాలో కనిపించింది. 2018లో పోలీసు స్టేషన్ లోపల వీడియో తీసిన వ్యక్తిపై ఏకంగా అధికార రహస్యాల చట్టం కిందనే కేసు పెట్టారు. నిషిద్ధ స్థలాల నిర్వచనంలో పోలీసు స్టేషన్ లేదని 2022 జులైలో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తేల్చి, ఆ కేసును కొట్టివేసింది. చట్టంలో ఉన్నది చదివితే తెలిసే సంగతికి నాలుగేళ్లు పట్టింది.

కశ్మీర్‌లో మరింత కఠినం. ఫోటో జర్నలిస్టు కామ్రాన్ యూసుఫ్‌ను 2017 సెప్టెంబరులో ఎన్‌ఐఏ అరెస్టు చేసింది. ప్రభుత్వ అభివృద్ధి కార్యక్రమాలను ఆయన చిత్రీకరించలేదన్నది అభియోగపత్రంలోని వాదనల్లో ఒకటి. కెమెరా ఎటు తిప్పాలో దర్యాప్తు సంస్థ నిర్ణయించడమంటే ఇదే. ఆరు నెలలకు బెయిలు, 2022 మార్చిలో కేసు నుంచి విముక్తి.

ఈలోగా రెండో కెమెరా పెరిగిపోయింది. 1920 చట్టం వలస పాలకులదే అయినా అందులో ఒక మర్యాద ఉండేది: పూర్వశిక్ష లేని వ్యక్తి నిర్దోషిగా బయటపడితే, వేరే ఆదేశం ఉంటే తప్ప, ప్రతులతోపాటు నెగెటివ్‌ను కూడా నాశనం చేయాలి, లేదా అతనికే అప్పగించాలి. దాని స్థానంలో 2022లో వచ్చిన కొత్త చట్టం రికార్డులను 75 ఏళ్లు భద్రపరచమంటుంది; పూర్వశిక్ష లేని వ్యక్తి నిర్దోషిగా బయటపడితే, వేరే ఆదేశం ఉంటే తప్ప, న్యాయమార్గాలన్నీ ముగిశాకే నాశనం చేయమంటుంది.

అరెస్టయినవారి సంగతి అది. అరెస్టే లేనివారి మాటేమిటి? 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్ వీధిలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. తీయనన్నా ఫోటో తీసుకున్నారు. వీధి ఫోటోగ్రాఫర్ల చేత చిత్రాలు చెరిపించడం పోలీసులకు అలవాటే, ఆ అధికారం ఏ సెక్షనూ ఇవ్వకపోయినా. ఇక్కడ పౌరుడే తన ఫోటోను చెరిపేయమని నోటీసు పంపాడు. జవాబు రాలేదు. ముఖ గుర్తింపు సాంకేతికతను సవాలు చేస్తూ ఆయన వేసిన పిటిషన్‌పై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు జారీ చేసింది.