మన తండాను నడిపించిన ఎద్దు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తండాల్లో పుట్టిన మనం ఈరోజు బైకుల మీద తిరుగుతున్నాం. మన ముత్తాతలు ఎడ్ల వెంట నడిచారు. ఉప్పు, ధాన్యం గోనెల్లో నింపి, ఎడ్ల వీపున వేసి దూరదేశాలకు చేర్చే ఆ వ్యాపారమే లదేణి. దక్కనుకు వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు అందించింది మన బిడారులే.

మండుటెండలో ఆ బిడారు సాగిందంటే, ఆ ఘనత మూపురమున్న దేశవాళీ ఎద్దుదే. వదులైన చర్మం, పొట్టి వెంట్రుకలు, ఎక్కువ చెమట గ్రంథులు దాని ఒంట్లో వేడిని తగ్గిస్తాయి.

19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చి లదేణి ఆగింది. మనవాళ్లు తండాల్లో స్థిరపడి పసులను మేపారు, భూమి దున్నారు. నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతంలో మన లంబాడీలు పొడ తూర్పు పశువులను ఇప్పటికీ పెంచుతున్నారు. వాటికి ప్రత్యేక జాతిగా జాతీయ గుర్తింపు కూడా దక్కింది.

మన దగ్గర మాత్రం ట్రాక్టర్లు వచ్చాక కొట్టాలు ఖాళీ అవుతున్నాయి. పసులు పోతే వాటిని సాకే తెలివీ పోతుంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ తీజ్ పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు దాదా దగ్గర కూర్చోండి. ఆయన మేపిన ఎడ్ల పేర్లు, నడిచిన బాటలు అడిగి రాసుకోండి. మన చరిత్రలో సగం ఇంకా పెద్దల నోటనే ఉంది.