డేగిసా చెప్పిన సాక్ష్యం

ఓడ పట్టుబడింది. లోపల బానిస ఒక్కడూ లేడు. మరి గుప్పెడు నావికులకు వందలమందికి వండే డేగిసా దేనికి? అన్నన్ని నీళ్ల పీపాలు, అదనపు అంతస్తు వేసేందుకు దాచిన పలకలు, గాలాడే జాలీ మూతలు, సంకెళ్లు దేనికి? 1835లో బ్రిటన్, స్పెయిన్ రాసుకున్న ఒప్పందం ప్రకారం వీటిలో ఏ ఒక్కటి దొరికినా, సరైన సంజాయిషీ చెప్పలేకపోతే, అది బానిస వ్యాపారుల ఓడే.

నెపోలియన్ ఓడిపోయాక సముద్రం మీద బ్రిటన్‌కు ఎదురు లేదు. తన వాళ్లకు 1807లోనే బానిస వ్యాపారం నిషేధించి, తర్వాత పరాయి ఓడల మీదా పడింది. 1816లో ఆఫ్రికా తీరంలో 'లె లూయీ' అనే ఫ్రెంచి ఓడను పట్టుకుంటే సియెర్రా లియోన్ కోర్టు జప్తు చేసింది. మరుసటేడు లండన్‌లో జడ్జి సర్ విలియం స్కాట్ ఆ తీర్పును కొట్టేశాడు. యుద్ధం లేనప్పుడు నడిసముద్రంలో ఒక దేశం ఓడను మరో దేశం సోదా చేయకూడదు, అక్కడ చిన్నా పెద్దా రాజ్యాలన్నీ సమానమే అన్నాడు. సొంత సర్కారు చేతులు కట్టేసిన ఆ జడ్జిని మెచ్చుకోవాల్సిందే. ఓడ మళ్లీ ఎవరి చేతికి పోయిందో తలచుకుంటే మాత్రం మనసొప్పదు.

లేని హక్కును బ్రిటన్ కొనుక్కుంది. అదే 1817లో పరిహారం పేరిట స్పెయిన్‌కు 4 లక్షల పౌండ్లు ముట్టజెప్పి, సోదాకు ఒప్పించింది. పోర్చుగల్ కూడా సంతకం పెట్టింది. ఫ్రీటౌన్, హవానా, రియోలలో ఉమ్మడి కోర్టులు వెలిశాయి. ఇద్దరు జడ్జీలకు పొసగకపోతే మధ్యవర్తి ఎవరో చీటీ వేసి తేల్చేవారు! (ఇదే బ్రిటన్ 1834 నుంచి ఒప్పంద కూలీలను మారిషస్‌కు ఓడలెక్కించింది. మన కోరంగి రేవు నుంచీ వెళ్లారు. ఆ ఓడల్లోని డేగిసాలు ఎవరికీ సాక్ష్యంగా కనబడలేదు.)

అమెరికా 1862 దాకా సోదాకు ససేమిరా అంది, చెల్లింది. బ్రెజిల్‌కు చెల్లలేదు. 1845లో బ్రిటన్‌తో ఉన్న సోదా ఒప్పందం గడువు తీరాక పొడిగించబోమంటే, లండన్ పార్లమెంటు అబర్డీన్ చట్టం చేసింది: బ్రెజిల్ ఓడలను ఇక బ్రిటిష్ కోర్టులే విచారిస్తాయట! 1850లో 'కార్మరెంట్' అనే బ్రిటిష్ యుద్ధనౌక ఏకంగా బ్రెజిల్‌లోని పరనగ్వా రేవులోకే దూరి ఓడలను పట్టుకుంది. కోట మీంచి ఫిరంగులు పేలాయి. రెండు నెలలు తిరిగేసరికి బ్రెజిల్ గట్టి చట్టం చేసింది, ఈసారి అమలు కూడా చేసింది.

అంతకుముందు 1831లో బ్రెజిల్ పెట్టిన నిషేధం కాగితం మీదే మిగిలింది. 'ఇంగ్లిష్ వాళ్లు చూడ్డానికి' అనే మాట దాంతోనే పుట్టిందంటారు. పైపై పటాటోపం కనబడితే బ్రెజిల్‌లో ఇప్పటికీ అదే మాట అంటారు.