మొదటి ఎత్తులు: చెరువు ముందా, కోట ముందా?



మీ ఇంట్లో పిల్లలు కంప్యూటర్ ముందో, సెల్‌ఫోన్ పట్టుకునో ఏదో రాజ్యం ఏలుతూ కూర్చుంటే, "చదువు మానేసి ఈ ఆటలేమిటి?" అని మీరు కసురుకునే ఉంటారు. కసరడం తప్పని నేననను. కానీ ఒక్కసారి పక్కన కూర్చుని, ఆ ఆటలో మొదటి ఎత్తులు ఎలా వేస్తున్నారో చూడండి. మన రాయవేలూరు సీమను ఏలినవాళ్లకు కూడా ఎదురైన ప్రశ్న ఒకటి అక్కడ కనబడుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి బలాన్ని ముందు దేనిమీద పెట్టాలి? చెరువు మీదా, కోట మీదా?

వంతుల ప్రకారం ఎత్తులు వేసే ఆటలు మనకు కొత్త కావు. పులి-మేక ఆట గుర్తుంది కదా! మూడు పులులు, పదిహేను మేకలు. మేకల పక్షం వాళ్లు ఒక్కో వంతుకు ఒక్కో మేకనే దించాలి. అన్నీ దిగేదాకా దించిన మేకను కదపకూడదు. తొందరపడి ఒంటరి మేకను పులి ఎదుట పెడితే, పులి దాని మీదుగా దూకి చంపేస్తుంది. వెనుక తోడున్న మేకను ఏమీ చేయలేదు. అంటే గెలుపు ఓటములు చాలావరకు దించేటప్పుడే తేలిపోతాయి.

ఈ తరహా కంప్యూటర్ ఆటల్లో బాగా పేరుపొందినది 'సివిలైజేషన్'. సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు రూపొందించగా అమెరికాలో 1991లో వెలువడింది. క్రీస్తుపూర్వం 4000లో ఆట మొదలవుతుంది. అప్పుడు మీ చేతిలో కోట లేదు, ఖజానా లేదు. ఊరు కట్టగల ఒక జట్టు మాత్రం ఉంటుంది. ఊరు కట్టాక చుట్టూ ఉన్న నేల నుంచి తిండి, పనిబలం, వర్తకం అని మూడు రకాల రాబడి వస్తుంది. తిండి మిగిలితే జనం పెరుగుతారు. పనిబలంతో కాపలా బంటునైనా తయారు చేయవచ్చు, మరో ఊరు కట్టే జట్టునైనా తయారు చేయవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. ప్రతి ఊరూ పది వంతులకొకసారి ఒక కొత్త ఊరికి జట్టును పంపుతుందని అనుకోండి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. నలభై వంతులకు పదహారు ఊళ్లు. అదే పని పది వంతులు ఆలస్యంగా మొదలుపెట్టినవాడికి అదే సమయానికి ఎనిమిది ఊళ్లే. పోయింది పది వంతులే, తగ్గింది సగం రాజ్యం! ఇది వడ్డీ మీద వడ్డీ లెక్కే. అయితే ఒక మెలిక ఉంది. జట్టు బయలుదేరితే పాత ఊళ్లో జనం తగ్గుతారు, వాళ్ల తిండి భారం కూడా ఊరిమీదే పడుతుంది. మనం విత్తనాల కోసం గింజలు తీసిపెడితే ఆ ఏడు తిండికి కాస్త తగ్గినట్టే ఇదీను.

ఇంకో ముచ్చట. ఆ ఆటలో పొలానికి నీరు పెట్టాలంటే పక్కన నదో, సముద్రమో, అంతకు ముందే తడి పెట్టిన పొలమో ఉండాలి. అంటే కాలువ ఒక మడి నుంచి మరో మడికి సాగాలి. ఊళ్లో గాదె కట్టుకుంటే, జనం పెరిగినప్పుడల్లా దాచిన తిండి అంతా ఖర్చయిపోకుండా సగం నిలుస్తుంది.

ఈ నీతి మన తెలుగువారికి పాతదే. 1509 నుంచి 1529 దాకా ఏలిన శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెబుతూ, నేల కొద్దిదైనా సరే చెరువులు, కాలువలు కల్పించి, పన్నులో పేదరైతుకు వెసులుబాటు ఇచ్చి అతణ్ణి పైకి తెస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్న భావం చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. విజయనగరం దగ్గర ఆయన వేలమందితో ఒక పెద్ద చెరువు కట్టిస్తుండగా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ ఆ సంగతి రాసిపెట్టాడు.

రాజు ఒక్కడే అన్ని చెరువులూ తవ్వించలేడు. అందుకే దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు తవ్వించినవాడికి, కట్టను బాగుచేస్తూ ఉండేవాడికి ఆ చెరువు కింద కొంత భూమిని మాన్యంగా ఇచ్చేవారు. ఇవాళ కొంత రాబడి వదులుకుంటే రేపు ఎక్కువ పండుతుందన్న నమ్మకం అది.

మరి కోట వద్దా? వద్దని ఎవరంటారు! కాపలా లేని ఊరిని ఆటలోనూ ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుగొండకు, చంద్రగిరికి, చివరికి 17వ శతాబ్దం మొదట్లో మన వేలూరుకు వచ్చింది. ఆ రాళ్లకోట వాళ్లను కాచింది. అయితే ఆ కోట చుట్టూ ఉన్న అగడ్తకు నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవో తెలుసా? సూర్యగుంట చెరువు నుంచి, భూమిలోపలి కాలువ ద్వారా. కోట కూడా చెరువు మీద ఆధారపడిందే! 1614లో వెంకటపతి రాయలు కన్నుమూయగానే వారసత్వపు పోరు చెలరేగింది. ఇంటిలోపల రగిలిన ఆ మంటను ఎంత మందం గోడలూ ఆపలేకపోయాయి.

గుడియాత్తం సంగతి చూడండి. పలమనేరు వైపు నుంచి వచ్చే కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఊరు. లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరు. ఎక్కడైనా సరే, పొలం మిగులు తిండి ఇస్తేనే కొన్ని చేతులు నాగలి వదిలి మగ్గం పట్టగలవు. ఆటలోనూ అంతే. తిండి మిగిలిన ఊళ్లోనే కొందరిని పొలం నుంచి తప్పించి పన్ను వసూలుకో, విద్యకో పెట్టగలం.

రాణిపేట జిల్లా కావేరిపాక్కంలో పల్లవుల కాలం నాటి పెద్ద చెరువు ఉంది. ఎన్ని రాజ్యాలు మారినా దాని నీళ్లతో మళ్లు పండుతూ వచ్చాయి. ఎవరో మొదట్లో వేసిన ఒక మంచి ఎత్తు అది. మరి మన వంతు సంగతి? పూడిక తీయని చెరువు, గండిపడ్డ కట్ట, ఇళ్లు లేచిన వాగు, ఇవన్నీ విత్తనాల గింజలు వండుకు తిన్నట్టే. ఆటలో ఓడితే పిల్లలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. పాలారు ఒడ్డున మనకు ఆ వీలు లేదు.

కనుక ఈసారి వానలకు ముందే మీ ఊరి చెరువు తూము పని చేస్తోందో లేదో ఒకసారి వెళ్లి చూడండి. వెంట ఆ ఆటలాడే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఎందుకు చూడాలో వాళ్లకు చెప్పనక్కర ఉండదు.

సెలవు.